గోడకు ఆనించిన సిలువలు

"ఎన్ని పీకినారు?"

"ముప్ఫై ఎనిమిదత్తా."

"సరిగ్గా లెక్కబెట్టినావా?"

"రెండుసార్లు."

వసారా గుంజకు ఆనుకుని కూర్చున్న మగ్దలీనమ్మ కోడలి చేతిలోని బొక్కెన వంక చూసింది. పొద్దున తను కలిపి ఇచ్చిన సున్నం అంచు దాకా అలాగే ఉంది. పీచు కుంచె తడైనా కాలేదు.

మట్టల ఆదివారం నిన్ననే వెళ్లింది. ఈ వారంలో పాతరేవు సంఘంలో ప్రతి ఇంటివాళ్లూ సమాధుల తోటకు పోయి తమ సిలువకు తాము సున్నం కొట్టుకోవాలి. ఈస్టరు పండుగనాడు తెల్లవారుజామున దాని ముందు కొవ్వొత్తి వెలిగించాలి. ఎవరి సిలువకు వాళ్లే. కూలికి పెట్టి కొట్టించడం ఆ ఊళ్లో లేదు.

కరుణాకుమారి సున్నం తీసుకుని పోయేసరికి సిలువలన్నీ ఒలందా దొరలు, అంటే డచ్చివాళ్లు, ఎప్పుడో కట్టిన గిడ్డంగి గోడకు ఆనించి ఉన్నాయి. చావిట్లో మూలన పెట్టిన కర్రల్లాగా, ఒకదాని పక్కన ఒకటి.

"మన పాపది గుర్తుపట్టలేకపోయినావా?"

"అన్నీ ఒకటేగా అత్తా."

అన్నీ ఒకటే. అది సంఘం పెట్టుకున్న కట్టుబాటు. వెనుక ఎప్పుడో ఒకరు రాయి పెడితే ఇంకొకరు అంతకన్నా పెద్ద రాయి పెట్టి, చచ్చినవాళ్ల మీద బతికినవాళ్లు పోట్లాడుకున్నారట. అప్పటినుంచి అందరికీ పాత పడవ చెక్కతో చేసిన సిలువే, మోకాలెత్తు. పేరు రాయకూడదు. దేవుడికి తెలుసు, కన్నవాళ్లకు తెలుసు, ఇంకెవరికి తెలియాలి అనేవాళ్లు.

"వాడు రానీ," అంది మగ్దలీనమ్మ.

సంజీవరావు పన్నెండున్నరకు వచ్చాడు. మిషను బడి హెడ్మాస్టరు, సంఘం కార్యదర్శి. పదిహేను రోజులుగా మద్రాసు సినిమా కంపెనీవాళ్ల వెంట తిరుగుతున్నాడు. ముఖం ఎండకు కమిలిపోయి ఉన్నా అందులో ఒక వెలుగు ఉంది. పెళ్లయిన కొత్తల్లో తప్ప ఆ వెలుగు కరుణాకుమారి చూడలేదు.

"కరుణా, గబాల్న అన్నం పెట్టు. రెండింటికి మళ్లీ పోవాలి. ఒలందా దొరల ఓడలు ఏ పక్కనుంచి వచ్చేవో డైరెక్టరు గారు చూపించమన్నారు. పులికాటు నుంచి భీమిలి దాకా తిరిగినారంట. ఇట్లాంటి చోటు ఎక్కడా దొరకలేదన్నారు. నా చెయ్యి పట్టుకుని అన్నారు."

కరుణాకుమారి పీట వాల్చింది. అన్నం వడ్డించింది. చేపల పులుసు పోసింది.

మగ్దలీనమ్మ గుంజ దగ్గర నుంచే అడిగింది. "రేయ్ సంజీవా. బిడ్డ యాడుందిరా?"

"ఏ బిడ్డమ్మా?"

కరుణాకుమారి చేతిలో గరిటె ఆగింది.

"మన ఇంట్లో ఎంతమంది బిడ్డలు పుట్టినార్రా?" అంది ముసలమ్మ.

ఒక్కతే పుట్టింది. ఆనందకుమారి అని పేరు పెట్టుకున్నారు. పద్నాలుగు నెలలు బతికింది. పోయి నాలుగేళ్లయింది.

సంజీవరావు కలిపిన ముద్దను విస్తట్లోనే వదిలాడు. "ఓ, ఆ సిలువల సంగతా! దానికింత రాద్ధాంతం ఎందుకమ్మా? రాజుల కథ తీస్తుండారు. రాకుమారుడు కత్తి తిప్పుతుంటే వెనక సిలువలు కనబడితే జనం నవ్వరా? వారం రోజుల పని. అయిపోగానే మళ్లీ నాటతారు."

"ఏది ఎక్కడ నాటతారు?" కరుణాకుమారి అడిగింది.

"ముప్ఫై ఎనిమిది తీసినారు. ముప్ఫై ఎనిమిదీ నాటతారు."

"ఏది ఎక్కడ అని అడిగినా."

"కృపాదానం చెప్తా..."

మాట నోట్లోంచి వచ్చాక గానీ సంజీవరావుకు తెలియలేదు. ముప్ఫై ఏళ్లుగా ఆ ఇసుకలో గుంటలు తవ్వింది కృపాదానమే. చీకట్లో అడిగినా ఎవరు ఎక్కడున్నారో చెప్పేవాడు. క్రిస్మసుకు వారం ముందు పోయాడు. ఆ రోజు సమాధి దగ్గర బైబిలు వాక్యం చదివింది సంజీవరావే. పీకిన ముప్ఫై ఎనిమిదిలో ఒకటి కృపాదానానిదే.

పెరట్లో కోడి ఒకటి కూసి ఊరుకుంది.

"బడి కప్పుకు పెంకులేయిస్తామన్నారు," అన్నాడు సంజీవరావు, గొంతు తగ్గించి. "వాన పడితే పిల్లోళ్లను ఇంటికి పంపేస్తుండాం. నీకు తెలవదా?"

"తెలుసు. పెంకుల కోసం పాప చోటు ఇచ్చేస్తున్నామని నాతో ఒక్క మాట చెప్పినారా?"

"సంఘం పెద్దలు ఒప్పుకున్నారు."

"పెద్దలంటే ఎవరు? మీరూ, మీరు చూపించినచోట వేలిముద్ర వేసిన ఆ చదువురాని పెద్దాయన సమాధానం తాతా. ఆ తాతకు మీరు ఏం చదివి వినిపించినారో ఆ దేవుడికే తెలియాలి."

"కరుణా!"

"గట్టిగా అరవబాకండి. ఇరుగుపొరుగు వింటారు. వాళ్లకింకా తెలియదు. వాళ్లు రేపో ఎల్లుండో సున్నం తీసుకుని పోతారు."

సంజీవరావు లేచాడు. చెయ్యి కడుక్కోకుండానే వసారాలో అటూ ఇటూ నడిచాడు. "పదేళ్లు కూర్చుని ఈ ఊరి చరిత్ర రాసినా. ఒక్కరు చదివినారా? ఇది ఉత్త ఇసుకపర్ర కాదురా, మూడొందల ఏళ్లనాడు ఇక్కడ ఓడలు దిగినాయిరా అంటే నవ్వినారు. వాళ్లు వచ్చి రెండు గంటలు కూర్చుని విన్నారు. రాసుకున్నారు. నా జన్మలో ఒక్కసారి, ఒక్కసారి కరుణా..."

"ఆ చరిత్ర మూడుసార్లు సాపు రాసింది నేను," అంది కరుణాకుమారి. "ఒలందా దొర పెంచుకున్న కుక్క పేరు కూడా ఉంది అందులో. కృపాదానం పేరు లేదు."

భార్య ఇంత మాట అనగలదని సంజీవరావుకు తెలియదు. ఆమెకూ తెలియదు.

"పద అత్తా," అంది కరుణాకుమారి. పులుసు గిన్నె మీద మూత కూడా పెట్టలేదు.

*

ఊరి నుంచి గిడ్డంగి దాకా అర మైలు. మగ్దలీనమ్మ కోడలి భుజం మీద చెయ్యి వేసుకుని నడిచింది. సరుగుడు తోపు దాటగానే మొండి ఇటుక గోడలు, వాటి మీద మొలిచిన రావి మొక్కలు, అవతల సముద్రం. గోడ లోపల ఒలందా దొరల సమాధులు ఆరు ఉన్నాయి. ఒక్కొక్క రాయీ మంచమంత. పేర్లు, ఓడ బొమ్మలు, పుర్రె బొమ్మలు చెక్కి ఉంటాయి.

ఆ ఆరింటికీ వరిగడ్డి కప్పి, మీద గోనెపట్టలు చుట్టి, తాడుతో కట్టి ఉంచారు. గాజు సామాను బండికెత్తేటప్పుడు కట్టినంత జాగ్రత్తగా.

గోడ బయట ఉత్తరాన సంఘంవాళ్ల ఇసుక. దాని మీద తాటిదుంగ కట్టి ఎద్దులతో లాగించారు. గుల్లలు పేర్చిన అంచులు లేవు. మట్టి గుట్టలు లేవు. ఇస్త్రీ చేసిన పంచెలాగా ఉంది.

మగ్దలీనమ్మ ఆ చదును చూసి కోడలి భుజాన్ని గట్టిగా పట్టుకుంది.

"రండమ్మా రండి! అయ్యోరి ఇంట్లోవాళ్లు గదా!" డేరా కింద నుంచి ఒకాయన పరుగున వచ్చాడు. కంపెనీ మేనేజరు మాల్యాద్రి. ఏర్పాట్లన్నీ ఆయనవే. "ఎండన పడి వచ్చినారే. రేయ్, కుర్చీలెయ్యండ్రా. కాఫీ పోయండి."

"కాఫీ వద్దు," అంది కరుణాకుమారి. "ఆ రాళ్లకు గోనెలు ఎందుకు చుట్టినారు?"

"ఆ మాత్రం జాగ్రత్త ఉండొద్దామ్మా? సర్కారువారి ఆజ్ఞ. ఒక్క గీత పడిందంటే మద్రాసు దాకా కాగితాలు నడుస్తాయి."

"వీటికేం చుట్టలేదే?"

మాల్యాద్రి సిలువల వంక చూసి నవ్వాడు. అది చెడ్డ నవ్వు కాదు. చేసిన పని చూపించుకునే నవ్వు. "ఒక్కటి విరగనీలేదు తల్లీ! దగ్గరుండి తీయించినా. బురదా పాతసున్నం పట్టి ఉంటే అన్నిటినీ శుభ్రంగా కడిగించినా. పని అయిపోయినాక సిమెంటు పోసి, దారం పట్టి, వరసగా నాటించే పూచీ నాది. ముందు వంకరటింకరగా ఉండె. ఇప్పుడు చూడండి, చూసేవాళ్లకు ఎంత బాగుంటుందో!"

కడిగించాడు. ఒకరు పలచగా కొట్టిన సున్నం, ఇంకొకరు నీలిమందు కలిపి కొట్టిన సున్నం, నాలుగేళ్ల పొరలు, పదేళ్ల పొరలు, కళ్లకు ఆనవాలు దొరికేది ఏదైనా మిగిలి ఉంటే అదీ పోయింది.

"ఏది ఎవరిదో మీకెట్లా తెలుస్తుంది?"

"ఎవరిదంటే?"

ఆయన నిజంగానే అడుగుతున్నాడని కరుణాకుమారికి అర్థమైంది. దాంతో ఆమె కోపం తగ్గలేదు. ఎక్కడ నిలబడాలో తెలియని కోపమైంది.

"వీటి కింద మనుషులుండారు."

మాల్యాద్రి ముఖంలో నవ్వు వెళ్లిపోయింది. చుట్టూ చూశాడు. డేరా దగ్గర పనివాళ్లు కొయ్య బురుజుకు రంగు వేస్తున్నారు. ఆయన దగ్గరకు వచ్చి గొంతు తగ్గించాడు.

"అమ్మా, ఆ మాట ఇంకోసారి అనబాకండి. మీకు దండం పెడతా. మా హీరోగారు వల్లకాటి మీద కాలు పెట్టరు. ప్రాణం పోయినా పెట్టరు. అందుకేగదా చోటు ఒప్పుకోక ముందే అయ్యోరిని అడిగినాం. ఏదైనా ఉంటే చెప్పండి సారూ, వేరే రేవు చూసుకుంటాం అన్నాం. అయ్యోరే రాసిచ్చినారు."

"ఏం రాసిచ్చినారు?"

ఆయన తోలుసంచి తెరిచి కాగితం తీశాడు.

అది ఆమెకు తెలిసిన చేతిరాత. గుండ్రంగా, తప్పుల్లేకుండా. 'గిడ్డంగికి ఉత్తరముననున్న ఇసుక స్థలమునందు ఖననము ఎన్నడును జరిగియుండలేదు. అచ్చటనున్న సిలువలు సముద్రములో పోయినవారి జ్ఞాపకార్థము నాటిన గుర్తులు మాత్రమే.' కింద సంజీవరావు సంతకం. దాని పక్కన సమాధానం తాత వేలిముద్ర.

కరుణాకుమారి మళ్లీ మొదటినుంచి చదివింది. పద్నాలుగు నెలల పిల్లను తెల్ల గుడ్డలో చుట్టి, ఎవ్వరినీ తాకనివ్వకుండా ఊరి నుంచి ఇక్కడి దాకా ఎత్తుకొచ్చిన చెయ్యి అది. ఆ చేత్తోనే రాశాడు.

"ఏముందే దాంట్లో?" అంది మగ్దలీనమ్మ. ఆమెకు చదువు రాదు.

ఇప్పుడే చదివి వినిపించవచ్చు. ఒక్క నిమిషం పట్టదు. కరుణాకుమారి కాగితం మడిచి మాల్యాద్రి చేతికిచ్చింది.

"పర్మిషను కాగితం అత్తా."

ముసలమ్మ నమ్మినట్టు లేదు. గోడ దగ్గరకు పోయి సిలువలను ఒక్కొక్కటీ తడమడం మొదలుపెట్టింది.

"మీది ఏ ఊరు?" కరుణాకుమారి మాల్యాద్రిని అడిగింది.

"నెల్లూరు దగ్గర సంగం ఊరు తల్లీ. ఇక్కడి మనిషినే."

"మీవాళ్ల మీద ఈ దుంగ లాగిస్తారా?"

ఆయన జవాబు చెప్పినప్పుడు మాటలో మేనేజరు లేడు. "మా నాయన్ని పెన్న ఒడ్డున కాల్చినాం. మూడోనాడు ఏట్లో కలిపేసినాం. మాకు ఇక్కడుండాడు అని చూపించుకునే చోటుండదమ్మా. నాకు తోచలేదు. కొయ్యలనే అనుకున్నా."

"మాకు ఉండేదే ఆ చోటు. ఇంకేం మిగలదు."

మాల్యాద్రి తువ్వాలుతో మెడ తుడుచుకున్నాడు. "రేపు పొద్దున ఆరింటికి హీరోగారి కారు నెల్లూరు నుంచి వస్తుంది. గుర్రాలు కోవూరు దాటినాయంట. సాయంకాలం లోపల మీరు నాకు ఏదో ఒకటి చెప్పండి. మనుషులుండారంటే బురుజు విప్పించి సామాను ఎత్తేస్తా. పాపం కట్టుకోను. కానీ ఎందుకు ఎత్తేసినావని అడిగితే ఈ కాగితం డైరెక్టరు ముందు పెట్టాలి. మీ సంఘం ముందు, మిషనువాళ్ల ముందు పెట్టాలి. అయ్యోరి ఉద్యోగం మాట నేను చెప్పలేను."

"బెదిరిస్తుండారా?"

"లేదు తల్లీ. ఉండేది చెప్తుండా."

*

చోటు ముందు తెలిస్తే ఆ తరవాత ఏం చెయ్యాలో తెలుస్తుందనిపించింది కరుణాకుమారికి. గోడ మూల దగ్గర నిలబడింది. ఇక్కడినుంచి సముద్రం వైపు ఇరవై అడుగులో, ఇరవై రెండో. తరవాత ఎడమకు.

నడిచింది. ఆగింది. ఇక్కడేనా? వెనక్కు పోయి మళ్లీ నడిచింది. ఈసారి ఇంకోచోట తేలింది. ఇన్నాళ్లూ తను అడుగులు లెక్కపెట్టుకుని రాలేదు. ఒరిగిన సిలువ దాటి, జంట సిలువలు దాటి, క్రిస్మసు తరవాత కృపాదానం కొత్త గుట్ట పక్కన అని వచ్చేది. దాటడానికి ఇప్పుడు ఏముంది?

మూడోసారి నడిచి ఆగినచోట గాలి ఒక పక్క నుంచి, గోడ నీడ ఒక పక్క నుంచి తగిలాయి. కాళ్లు ఇంక కదలనన్నాయి. అదే. కరుణాకుమారి అక్కడ కూర్చుంది. ఇసుక మీద రెండు అరచేతులూ ఆనించింది. లోపల ఎంతో లోతున ఉన్నదానికి అరచేతుల వేడి తగులుతుందన్నట్టు అలాగే ఉంచింది.

కోపం అప్పుడే కొంచెం మెత్తబడింది. చోటు దొరికింది. ఇంక మిగతాది చూసుకోవచ్చు.

"వందనాలు అయ్యోరమ్మా."

తల ఎత్తింది. కృపాదానం భార్య ఎలిశబెతు. తల మీద ముసుగు, చంకలో సున్నం ముంత. ఎప్పుడు వచ్చిందో, ఎంతసేపటినుంచి చూస్తూ ఉందో తెలియదు. చదునైన ఇసుకను, గోడకు ఆనించిన సిలువలను చూసినట్టే ఉంది. ఏడవడం లేదు.

"వందనాలు ఎలిశబెతూ."

"అక్కడినుంచి లెయ్యండి."

"ఏం?"

"మీరు కూర్చునింది మా ఆయన మీద."

"లేదు ఎలిశబెతూ. ఇది మా పాప చోటు. మీ ఆయన ఆ పక్కన. అదిగో, అటు."

"అటు కాదమ్మా. పాప ఇటుండాది, గోడ తట్టుకు. పాపకు గుంట తవ్విందెవరు? ఆయనే. పక్కన నాకుంచుకున్నా అని నాకు చూపించింది ఆయనే. లెయ్యండి."

"నేను మూడుసార్లు నడిచి చూసుకున్నా."

"మూడుసార్లు!" ఎలిశబెతు ముంత కింద పెట్టింది. "నేను దినామూ వస్తా. క్రిస్మసు కాడినించి ఒక్క పూట తప్పలేదు, నిన్న సాయంత్రం కూడా సిలువ ఈడనే ఉండె. మీరు ఏడాదికి ఎన్నిసార్లు వస్తారు? పండగొకటి, పాప దినమొకటి. నాకు తెలవదా ఆయన యాడుండాడో? లెయ్యమ్మా, ఆయన గుండెల మీద కూర్చోబాక."

"నేను లెయ్యను!"

ఆ కేక విని డేరా దగ్గర రంగు వేసేవాళ్లు తిరిగి చూశారు. భర్త మీద పడవలసిన కేక, ఆ కాగితం మీద పడవలసిన కేక, మూడు నెలల కిందట మొగుణ్ణి పోగొట్టుకున్న మనిషి మీద పడింది. అది కరుణాకుమారికి తెలుస్తూనే ఉంది. అయినా అరచేతులు ఇసుక మీద నుంచి తీయలేదు. తీస్తే ఈ చోటు కూడా పోతుంది.

ఎలిశబెతు కదల్లేదు. కరుణాకుమారికి ఎదురుగా, మూరెడు దూరంలో చతికిలబడింది. ఇద్దరూ ఒకరి ముఖం ఒకరు చూసుకుంటూ కూర్చున్నారు. చిన్నప్పుడు ఆడుకున్నవాళ్లు కాదు, చుట్టాలు కాదు. నాలుగేళ్ల కిందట పాపను దింపిన రోజు కరుణాకుమారి తలను ఒళ్లో పెట్టుకున్నది మాత్రం ఈ ఎలిశబెతే.

"ఏందే ఇది? మీలో మీరు కొట్టుకుంటారా?" గోడ దగ్గర నుంచి మగ్దలీనమ్మ కేకేసింది. "ఇది చేసినోడు హాయిగా ఉండాడే!"

అప్పుడే సంజీవరావు సరుగుడు తోపు దాటి వచ్చాడు. చంకలో చరిత్ర కాగితాల కట్ట. ఇసుక మీద ఎదురెదురుగా కూర్చున్న ఇద్దరినీ చూసి నడక తగ్గించాడు. అయినా దగ్గరకు వచ్చాడు.

ఎలిశబెతు లేచి నిలబడి ముసుగు సర్దుకుంది. ఆమెకు కాగితం సంగతి తెలియదు. ఆయన మీద ఆమెకు ఇంకా గౌరవమే ఉంది. మొగుడికి వాక్యం చదివిన మనిషి.

"అయ్యగారూ, మీరు వచ్చినారు, మంచిదైంది. మీరు చదువుకున్నోళ్లు, అబద్ధం చెప్పరు. అమ్మ ఇది పాప చోటంటుండాది. నేను మా ఆయనదంటుండా. మీరు చెప్పండి. ఈడ ఎవరుండారు?"

డేరా దగ్గర మాల్యాద్రి కుర్చీలోంచి లేచాడు. చేతిలో తోలుసంచి ఉంది.

కరుణాకుమారి భర్త ముఖంలోకి చూసింది. ఆ ఆడమనిషి ముందు ఆయన ఏం చెప్తాడో దాన్ని బట్టే సాయంకాలం తను మాల్యాద్రికి ఏం చెప్పాలో ఉంది. సాయం చెయ్యలేదు. తల తిప్పుకోలేదు.

సంజీవరావు గోడ వంక చూశాడు. గోనెలు కట్టిన రాళ్ల వంక చూశాడు. కాళ్ల కింద ఇసుక వంక చూశాడు. ఉన్నట్టుండి, ఏదో కాలినట్టు వంగి, చెప్పులు రెండూ విడిచి చేత్తో పట్టుకున్నాడు. ఒక అడుగు వెనక్కు వెయ్యబోయి ఆగాడు. పక్కకు వెయ్యబోయి ఆగాడు.

ఎటు అడుగు వేస్తే ఎవరి మీద పడుతుందో ఆయనకు తెలియలేదు. అక్కడే, ఒంటి కాలి మీద బరువంతా మోపి, నిలబడిపోయాడు.

"చెప్పండి అయ్యగారూ," అంది ఎలిశబెతు.